చింతమానుకు చెప్పిన మాటలు

నేను పామిడి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మరునాడు పొద్దున్నే మా అత్త కదిరమ్మ చింతచెట్టుతో మాట్లాడుతూ కనిపించింది. చేతిలో పరక, నెత్తికి గుడ్డ. చెట్టు మొదట్లో కసువు ఊడుస్తూ, తలెత్తకుండానే, "ఏమ్మే మానూ, ఈ పొద్దు కొళాయి నీళ్ళు బిరీన వస్తాయంట. బిందెలు కడుక్కునేవాళ్ళు ఇప్పుడే కడుక్కుంటే మేలు" అంది.

తలుపు చాటున నిలబడి విన్నాను. పాపం, పెద్దమనిషి, ఏదో అలవాటు అనుకున్నాను. అంతలో చెట్టుకు అవతలి వైపు నుంచి మరో గొంతు లేచింది.

"మానూ, నాకూ చెవులుండాయిలే. నా బిందెలు నిన్ననే కడిగి బోర్లించినా."

ఆ రోజే మా అమ్మకు ఫోన్ చేసి, ఈ ఇంట్లో చెట్టుతో మాట్లాడేవాళ్ళు ఒకరు కాదు, ఇద్దరున్నారని చెప్పుకున్నాను. మా అమ్మ నింపాదిగా, "ఆ చెట్టు తిరిగి మాట్లాడనంత వరకూ నీకేం భయం లేదు. గమ్మునుండు" అంది.

తర్వాత్తర్వాత నాకు సంగతి తెలిసింది. అవతలి గొంతు రామలక్ష్మమ్మది. మా మామ తిప్పయ్యకు అన్న శ్రీరంగప్ప. ఆయన భార్య ఆమె. నాకు పెద్దత్త. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు చేలు రెండయ్యాయి, ఇళ్ళు ఎదురెదురుగా రెండయ్యాయి, వాకిలి మాత్రం ఒకటే మిగిలింది. దాని నడిమధ్యన ఈ చింతచెట్టు. దాన్ని నిలువునా చీల్చి పంచుకోలేక, తూర్పు కొమ్మలు వాళ్ళవి, పడమటి కొమ్మలు మావి అని పెద్దమనుషులు తీర్పు చెప్పి చేతులు దులుపుకున్నారట.

అన్నదమ్ములిద్దరికీ జగడమేమీ లేదు. ఒకే అగ్గిపుల్లతో ఇద్దరూ బీడీలు ముట్టించుకుంటారు, ఒకే మోటారుసైకిల్ మీద ఉరవకొండకు పోయివస్తారు. ఆడవాళ్ళిద్దరికే మాటల్లేవు. ఇరవై ఏళ్ళుగా లేవు. పెండ్లాల జగడంలో తల దూర్చే ధైర్యం మగవాళ్ళకు ఆ ఇరవై ఏళ్ళలో ఒక్కనాడూ రాలేదు.

మాటల్లేవు అన్నానే గానీ, అది తప్పు. పొద్దున్నుంచి మాపటి దాకా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు. కాకపోతే అంతా చెట్టుకు చెప్పేవాళ్ళు. అత్త మీది కోపం దుత్త మీద అంటారే, ఇక్కడ కోపమే కాదు, వంటా వార్పూ, దగ్గూ జలుబూ, అన్నీ చెట్టు మీదే.

"మానూ, కొందరింట్ల పప్పు అడుగంటిన వాసన వస్తాండాది" అని మా అత్త అనేది. వెంటనే ఎదురింట్లో గిన్నె దించిన చప్పుడు. ఆ తర్వాత, "మానూ, ఈ ఊర్లో కొందరికి దేవుడు ముక్కు శానా పొడుగు పెట్టినాడు" అని బదులు.

పెద్దత్త దగ్గితే మా అత్త మిరియాల కషాయం కాచి, లోటా తీసుకుపోయి చెట్టు వేరు మీద పెట్టి వచ్చేది. "మానూ, ఇది చల్లారితే పనికిరాదు" అనేది. కాసేపటికి ఖాళీ లోటా కడిగి బోర్లించి ఉండేది. పక్కన నాలుగు నిమ్మకాయలో, ఒక గుప్పెడు ఉలవలో.

దానికో పద్ధతి ఉంది. మాట విన్న వెంటనే జవాబు చెప్పకూడదు, కొంచెం ఆగాలి. మొహం చూసుకోకూడదు. అంత లావు బోదె అడ్డం ఉండగా చూసుకోవడం కుదిరేది కాదు కూడా. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో మనిషి రాకూడదు. అది తెలియక కొత్తలో ఒకసారి నేను వాకిలి దాటిపోయి, "పెద్దత్తా, మా అత్త మిమ్మల్ని పరకలు కావాల్నా అని అడగమంటాండాది" అన్నాను. పెద్దత్త నన్ను ఎగాదిగా చూసి, "మీ అత్తకు నోరు పడిపోయిందా? మాను ఉండాది కదా" అని లోపలికి పోయింది. ఇంటికి వస్తే మా అత్త, "నిన్నెవరు పొమ్మన్నారు? మనిషితో చెప్పి పంపిస్తే మాట వంకర పోతాది. మాను అయితే ఒక మాట కలపదు, ఒక మాట తియ్యదు" అని కేకలేసింది. ఇద్దరూ కలిసి ఒకే అభిప్రాయంతో నన్ను తిట్టడం చూసి, వీళ్ళకు అసలు జగడమెక్కడుందబ్బా అనుకున్నాను.

ఎందుకు మాటలు పోయాయని ఎవరినడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవాళ్ళు. చేట తీసుకుని ఇవ్వలేదని ఒకరు, కోడిపెట్ట గుడ్డు పెట్టిన చోటు తేలలేదని ఒకరు, చింతపండు పంపకమని ఒకరు. మా మామ అయితే, "అంతా ఈ మానుతోనే వచ్చింది. దీని కసువు, దీని కాయలు. ఇది పోతే జగడం పోతాది" అని తేల్చేశాడు. ఆయన అన్న కూడా అవునవునని తలూపేవాడు.

ఆ చెట్టు పెరగడం కూడా అలాగే పెరిగింది. ఊరంతా ఎండి పెళపెళలాడుతుంటే అది మాత్రం రెండిళ్ళ బోకులు కడిగిన నీళ్ళు తాగి కొమ్మలు చాచింది. ఒక కొమ్మ మా మిద్దె మీద పిట్టగోడను నెట్టింది. ఇంకొకటి కరెంటు తీగల మీద వాలింది. వేర్లు ఇంటి ముందరి మా జగిలి అరుగు బండలను పైకి లేపాయి. చింతాకు ఎంత చిన్నదో మీకు తెలుసు. అది నీళ్ళ బిందెలో, అన్నం పళ్ళెంలో, తలవెంట్రుకల్లో, ఎక్కడైనా దూరేది.

పోయిన ఉగాది దాటాక నాకు నెల తప్పింది. ఆ కబురు పెద్దత్తకు ఎలా చేరుతుందా అని నేను కనిపెట్టి చూశాను. మా అత్త ఆ పూట కసువు ఊడ్చడం మామూలు కంటే చాలాసేపు సాగదీసింది. చివరికి, "ఏమ్మే మానూ, మా కోడలు ఇప్పుడు వట్టి మనిషి కాదు" అంది.

అవతల చప్పుడు లేదు. ఎప్పుడూ ఆగేదానికంటే ఎక్కువే ఆగింది. మా అత్త పరక పట్టుకుని అలాగే వంగి ఉంది.

"మానూ," అని వినిపించింది చివరికి. "నీ చిగురు తూరుపు పక్క బాగుండాది. ఆ పిల్లకు పుల్లగా తినాలనిపిస్తాది. కోసుకొమ్మను."

ఆ ఎండాకాలమంతా నేను చింతచిగురు పప్పే తిన్నాను. ఒక పూట మా ఇంట్లో వండింది, ఒక పూట చెట్టు మొదట్లో గిన్నెలో పెట్టి ఉన్నది. పెద్దత్త నాతో ముక్తసరిగా మాట్లాడేది గానీ, మా గడప తొక్కేది కాదు. తనకు పిల్లల్లేరు. ఊళ్ళో ఎవరి బిడ్డనైనా ఎత్తుకుని ఆడించేదట గానీ, ఈ ఇంటి బిడ్డను ముట్టనని ఒట్టు పెట్టుకుందని బట్టలుతికేచోట ఎవరో అనగా విన్నాను. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నాకు పుట్టబోయే బిడ్డను కూడా ముట్టదా? వాకిలికి అవతల కూర్చుని చెట్టుతో ముద్దులు చెబుతుందా?

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను చెట్టు కింద మంచమేసుకుని పడుకున్నాను. గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. కొండ మీద గాలిమరలు కూడా కదలడం మానేశాయి. అప్పుడు పెద్దత్త గొంతు వినిపించింది.

"మానూ, పడమట ఎర్రదుమ్ము లేస్తాండాది. కడుపుతో ఉండే పిల్ల నీ కింద పండుకోవడమేంది? లెయ్యమను."

బద్ధకంగా దొర్లాను. "మానూ, నీకే చెప్తాండేది!" అని ఈసారి అరుపు. మా అత్త లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి నా రెక్క పట్టి లాగింది. జగిలి ఎక్కామో లేదో, దుమ్ము మా వాకిలి మీద విరుచుకుపడింది. దుమ్ములో ఫెళ్ళుమని చప్పుడు. కళ్ళు నులుముకుని చూస్తే మంచం లేదు. మంచం ఉన్నచోట నా నడుమంత కొమ్మ పడి ఉంది, దాని కింద నవారు, మంచం కోళ్ళు నాలుగూ ముక్కలు ముక్కలుగా.

కొమ్మ విరిగినచోట చెట్టు లోపల డొల్లగా కనిపించింది. చెదలు ఎన్నాళ్ళనుంచి తింటున్నాయో, నిలబడి ఉన్నదంతా పైబెరడే. నా భర్త వీరేష్ లోపలికి చెయ్యి పెట్టి, మోచేతి దాకా పోతే బయటికి తీసుకుని, "ఇంక దీన్ని ఉంచకూడదు నాయనా" అన్నాడు. మా మామ, పెద్దమామ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోవడంలో భయం ఎంతో, ఇన్నాళ్ళకు జగడం తెగుతుందన్న సంబరమూ అంతే ఉంది.

వీరేష్ వాళ్ళమ్మను అడిగాడు. "నాకేం? కసువు ఊడ్చే బాధ తప్పుతాది" అంది మా అత్త, కొడుకు వైపు చూడకుండా. వాకిలి దాటి పెద్దమ్మను అడిగాడు.

"మీ అమ్మ ఏమనింది?"

"సరే అనింది పెద్దమ్మా."

"ఆమెకు సరే అయితే నాకూ సరే" అంది పెద్దత్త.

ఇద్దరూ ఆ చెట్టు ఎప్పుడు పోతుందా అని కాచుకుని ఉన్నారని మగవాళ్ళు అనుకున్నారు. నాకు మాత్రం ఎందుకో గుండెల్లో రాయి పడింది. ఆ చెట్టు అరిచి లేపకపోతే నేనూ నా బిడ్డా ఈ పాటికి లేము. అరిచింది చెట్టు కాదని నాకు తెలుసు. చెట్టు లేకపోతే ఆ అరుపు ఎవరి పేరు పెట్టి అరిచేది?

ఉరవకొండ నుంచి ఓబిలేష్ అనే ఆయన కోతమిషను, మోకులు ఆటోలో వేసుకుని వచ్చాడు. మనిషి గొంతు ఆయన మిషను కంటే పెద్దది. "నేను కోసిన మాను ఒకటీ ఇంటి మీద పడలేదన్నా. పడాల్సిన చోటు దానికి చూపిస్తా, అదే పోయి పడతాది" అని మా మామతో గొప్పలు పోతూ చెట్టు చుట్టూ తిరిగాడు. వీధిలో జనం మోకులు లాగడానికి వచ్చారు. మొదలికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించాక ఓబిలేష్ మిషను కింద పెట్టి నిలబడ్డాడు.

"ఇంటి ఆడోళ్ళు రావాల" అన్నాడు. "మానుకు చెప్పి పంపాల. పిట్టలకు వేరే తావు చూసుకోమని చెప్పాల, మమ్మల్ని తిట్టుకోవద్దని చెప్పాల. ఆడోళ్ళు నోట చెప్పకుండా నేను ఏ మానునూ ముట్టను."

మా అత్త పడమటి వైపు నిలబడింది. పెద్దత్త తూర్పు వైపు. ఇద్దరి చేతుల్లోనూ నీళ్ళ చెంబులు. జనం చూస్తున్నారు. ఇద్దరూ నోరు మెదపలేదు.

"చెప్పండమ్మా!" అన్నాడు ఓబిలేష్. "ఊర్లో అందరూ మీరు దినామూ దీంతోనే మాట్లాడతారంటారే? ఈ పొద్దు మాటలు రావా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మా అత్త పెదవులు కదిలాయి గానీ మాట పైకి రాలేదు. ఇరవై ఏళ్ళు ఆ చెట్టుకు చెప్పిన మాటల్లో ఒక్కటీ చెట్టుకు చెప్పింది కాదు మరి. చెట్టుకే చెప్పాల్సిన రోజు వస్తే ఏం చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. అవతల పెద్దత్త చెంబు వంచి మొదట్లో నీళ్ళు పోసింది. ఇవతల మా అత్త కూడా పోసింది.

"పోయిరా" అంది ఒక గొంతు. అదే క్షణంలో ఇంకో గొంతు కూడా "పోయిరా" అంది. ఏది ఎవరిదో నాకు తెలియలేదు.

సాయంత్రానికి చెట్టు వీధి వైపు పడింది. ఓబిలేష్ చూపించిన చోటే పడింది, పాపం, అబద్ధమాడలేదు. కొమ్మలు, మొద్దులు ట్రాక్టరుకు ఎత్తారు. మోకాలెత్తు మొద్దు మాత్రం వాకిట్లో మిగిలింది. మా మామ దాని మీద కూర్చుని, "చూడన్నా, ఎంత వెలుతురు వచ్చిందో" అన్నాడు.

వెలుతురు బాగానే వచ్చింది. మరునాడు పొద్దున మా అత్త పరక తీసుకుని వాకిట్లోకి దిగింది. అదే వేళకు పెద్దత్త కూడా దిగింది. మధ్యలో అడ్డం లేదు. ఇద్దరూ ఇరవై ఏళ్ళ తర్వాత ఒకరికొకరు నిండుగా కనిపించారు. చేతిలో పరకలతో బొమ్మల్లా నిలబడిపోయారు. పెద్దత్త జుట్టు అంత తెల్లబడిందని మా అత్తకు తెలియదనుకుంటాను. చూసి, చూసి, ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి ఇళ్ళలోకి పోయారు. ఆ రోజు వాకిలి ఎవరూ ఊడ్వలేదు.

ఆ తర్వాత నుంచి ఒకరు బయట ఉంటే ఒకరు లోపల ఉండేవాళ్ళు. కొళాయి నీళ్ళు వచ్చి పోయినా పెద్దత్తకు తెలిసేది కాదు. ఎదురింట్లో పప్పు మాడే వాసన వస్తే మా అత్త పొయ్యి ముందు కూర్చుని అల్లాడిపోయేది గానీ నోరు విప్పేది కాదు. ఒకనాడు కోడిపెట్టను పట్టుకుని, "ఏమ్మే కోడీ," అని మొదలుపెట్టింది. మిగతా మాట వినకుండానే ఆ కోడి కొక్కొక్కోమంటూ గోడ దూకిపోయింది. ఇంకోసారి పెద్దత్త రోకలితో ఏదో చెప్పబోయి, తనకే విసుగొచ్చి, దాన్ని మూలకు విసిరేసింది. కషాయం లోటా పెట్టడానికి వేరు లేదు. మొద్దు మీద పెడితే అందరికీ కనబడుతుందని సిగ్గు.

"జగడం పోతాదనుకుంటే ఇంట్ల సావు అయినట్టుండాదే" అని మా మామ నాతో అన్నాడు. ఆయన మొహం చూస్తే జాలేసింది. నేనే ఆ చెట్టులా నిలబడి మాట అందిస్తానని ఒకరోజు పోయాను. పెద్దత్త నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "నీ మీద కోపం లేదు పాపా. నువ్వు మానువి కాదు కదా" అంది.

అసలు ఈ జగడం ఎందుకొచ్చిందని వీరేష్‌ను నిలదీశాను. ఒక సాయంత్రం మొద్దు మీద కూర్చుని తన ఎడమ మోచెయ్యి చూపించాడు. అది కొంచెం వంకరగా ఉంటుంది.

"నాకు అయిదేండ్లు వచ్చేదాంక పెద్దమ్మ దగ్గరే పెరిగినా. అమ్మ చేనికి పోతే నీళ్ళు పోసేది, తినిపించేది, పండబెట్టేది అంతా పెద్దమ్మే. ఒకరోజు నేను ఈ మాను ఎక్కి పడినా. చెయ్యి విరిగింది. అమ్మ చేను కాడినుంచి పరిగెత్తుకొచ్చి..." వీరేష్ ఆగాడు.

"వచ్చి?"

"'నీకేం తెలుసు బిడ్డ నొప్పి? కని ఉంటే తెలిసేది' అనేసింది. ఊరంతా ఉండారు ఈడ. పెద్దమ్మ నన్ను అమ్మ ఒళ్ళో పెట్టి ఇంట్లోకి పోయింది. అంతే. మళ్ళా నన్ను ముట్టుకోలేదు."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఒకే చెట్టు కింద ఒకే రోజు ఒకరికి కాలు జారింది, ఒకరికి నోరు జారింది. చెయ్యి అతుక్కుంది. నాకు మా అత్త మీద కోపం వచ్చింది, పెద్దత్తను తలుచుకుంటే ఏడుపు వచ్చింది. ఇద్దరి మీదా ప్రేమ కూడా వచ్చింది. ఏది ఎక్కువో చెప్పలేను.

తొలకరి ముంగారు వానలు దగ్గర పడ్డాయి. రెండిళ్ళలోనూ విత్తనానికి వేరుశనగ కాయలు ఒలవడం మొదలైంది. ఏటా చెట్టు నీడలో అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చుని వీపులు ఆనించినట్టు ఒలిచేవాళ్ళట. ఈసారి ఎవరి జగిలి మీద వాళ్ళు. బొటనవేళ్ళు వాచి, గోళ్ళు ఎర్రబడినా పని ఆగదు. వాన పడి నేల పదునుకు వచ్చాక విత్తనం చేతిలో లేకపోతే ఆ ఏడాది అంతే సంగతులు.

పెద్దత్త తమ విత్తనమంతా ఒలవడం ముగించి, మందు కలిపి, తమ వైపు వాకిట్లో పట్ట పరిచి ఆరబోసింది. ఆరబోసి లోపల తలకు పోసుకోవడానికి పోయినట్టుంది. మగవాళ్ళు చేలో ఉన్నారు. మేమిద్దరం మా జగిలి మీద ఒలుస్తున్నాం. పొద్దు వాలకముందే పడమటి నుంచి చల్లగాలి తగిలింది. మట్టి వాసన వచ్చింది. తలెత్తి చూస్తే మబ్బు కొండ దిగేసింది. టపటపమని చినుకులు, ఒక్కొక్కటి రేగ్గాయంత.

అత్త లేచి నిలబడింది. ఒళ్ళోని కాయలన్నీ జగిలి మీద దొర్లాయి. చెయ్యి చాచి, వాకిలి నడిమధ్యకు తిరిగి, "ఏమ్మే మా..." అంది.

అక్కడ ఏమీ లేదు. మొద్దు మీద చినుకులు పడుతున్నాయి.

అత్త నోరు అలాగే తెరుచుకుని ఉంది. ఎదురుగా ఏడాది పంట విత్తనం తడవబోతోంది. తడిసిందంటే ఉబ్బి పాడైపోతుంది. మళ్ళీ తేవడానికి లేదు, తెచ్చినా పదును ఆగదు. నేను లేవబోయాను. అత్త నా భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"అక్కా!" అని అరిచింది. "రామలక్ష్మక్కా! విత్తనం తడుస్తాండాదే! బయటికి రా!"

అరుస్తూనే పరిగెత్తింది. పెద్దత్త తడి జుట్టు ముడేసుకోకుండానే బయటికి వచ్చి, ఒక్క క్షణం గడప మీద ఆగింది. ఆగింది వానను చూసి కాదు. తర్వాత ఒక్క ఉరుకు ఉరికింది.

"ఆ కొస పట్టుకోమ్మే! యాల చూస్తాండావు? మడుచు, మడుచు!"

"మడుస్తాండాలే! నువ్వు ఎత్తు ముందు!"

పట్టను మూటలా పట్టుకుని ఇద్దరూ అటూ ఇటూ చూశారు. జల్లు పడమటి నుంచి వాళ్ళ గడపలోకే కొడుతోంది, మా జగిలి మీద పడటం లేదు. ఈడ్చుకుంటూ, ఒకరినొకరు తిట్టుకుంటూ, మా గడప దాటి నట్టింట్లోకి తెచ్చి దించారు. బయట వాన దబదబా దంచుతోంది. ఇద్దరూ ఒగరుస్తూ నేల మీద కూలబడ్డారు. పెద్దత్త కొంగు పిండుకుంటూ గోడల వంక చూసింది.

"ఈ రంగు ఎప్పుడేసినారు?"

"వీరేష్ పెండ్లికి" అంది అత్త.

"ఏం బాగలేదు."

"నేనూ అదే చెప్తి. ఎవరు వింటారు?"

నేను లోపలికి పోయి టీ పెట్టాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో కనబడకుండా పొగలో కూర్చోవడం మేలనిపించింది. గ్లాసులు తెచ్చేసరికి ఇద్దరూ వంగి, తడిసిన గింజలు వేరు, పొడివి వేరు ఏరుతున్నారు. తడిసినవి దోసెడు కూడా లేవు. మూడోనాడు రెండు చేలలోనూ విత్తనపు గొర్రు తిరిగింది.

శ్రావణానికి చేను పూతకు వచ్చింది. మొద్దు కూడా ఊరుకోలేదు. పక్క నుంచి ఎర్రగా, లేతగా నాలుగు చిగుర్లు తన్నింది. ఒక ఉదయం కేకలు వినబడి నేను బయటికి వచ్చాను.

"ఇది ఇప్పుడే పెరకాల. లేకుంటే మళ్ళా మానై కూర్చుంటాది" అంటోంది అత్త.

"నా పక్క మొలిచింది. నా ఇష్టం. దీన్ని ముట్టితే చూడు!"

"నీ పక్కనా? కండ్లు కనబడతాండాయా నీకు? మొద్దు నడుమ యాడుందో కొలుచుకో!"

"కొలిచేదేంది? నువ్వు ఇప్పుడే అట్ల మాట్లాడతాండావా, పుట్టినప్పట్నుంచీనా?"

మామలిద్దరూ వీధిలో నుంచి ఉరికొచ్చారు. ఎదురెదురుగా నిలబడి, చేతులు తిప్పుతూ పోట్లాడుతున్న పెండ్లాలను చూసి గోడకు అంటుకుపోయారు. "మాను పోతే జగడం పోతాదనుకుంటిమే అన్నా" అని గొణిగాడు మా మామ. పెద్దమామ బీడీ తీసి, "గమ్మునుండప్పా. ఇరవై ఏండ్లది మిగిలిపోయింది. ఆడుకోనీ" అన్నాడు.

"హేమా, నువ్వు చెప్పు!" అంది అత్త నా వైపు తిరిగి. "ఆఁ, నువ్వే చెప్పు!" అంది పెద్దత్త. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను నడుము పట్టుకుని మొద్దు దగ్గరికి నడిచి, ఇద్దరి మొహాలూ చూడకుండా, ఆ చిగురు వైపు వంగాను.

"ఏమ్మే మానూ, నాకేం తెలీదని చెప్పు వీళ్ళకు."

ముందు పెద్దత్త నవ్వింది. తర్వాత అత్త. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. పెద్దత్త మొద్దు మీద కూర్చుని నన్ను పక్కన కూర్చోమని చోటిచ్చింది.

"నిలబడాకు, కాళ్ళు వాస్తాయి" అంది. ఆపైన, చిగురు ఒక్కో రెమ్మా తుంచి ఒడిలో వేసుకుంటూ, ఎవరినీ చూడకుండా అడిగింది. "కాన్పు అయి వచ్చినాక బిడ్డకు నీళ్ళు ఎవరు పోస్తారు?"

"నేను పోస్తా. ఇంకెవరు పోస్తారు?" అంది అత్త.

"నీ చేతులా? గరుకు. పసిబిడ్డ తోలు లేచిపోతాది."

"నా చేతులకేమైంది? నీకేం తెలుసు బిడ్డ..."

అత్త ఆగిపోయింది. మిగిలిన మాట ఏమిటో వాకిట్లో ఉన్న అందరికీ తెలుసు. పెద్దమామ బీడీ నోటిదాకా పోయి ఆగింది. పెద్దత్త వేళ్ళు రెమ్మ మీద ఆగాయి. నా కడుపులో బిడ్డ కదిలింది.

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుని వచ్చి పెద్దత్త ముందు గొంతుక్కూర్చుంది.

"నీకే తెలుసు" అంది మెల్లగా. "వీరేష్‌గానికి పోసింది నువ్వే కదక్కా. నేను యాడ పోస్తి? దీనికీ నువ్వే పొయ్యి."

పెద్దత్త ఒక రెమ్మ తుంచింది, ఇంకోటి తుంచింది. ఒడిలోని చిగురంతా దోసిట్లోకి తీసి నా ఒళ్ళో పోసింది. అప్పుడు అత్త వైపు తిరిగింది.

"ఆముదం కావాల. అంగట్ల అమ్మేది వద్దు. చేను గట్టున మనవే చెట్లుండాయి కదా, ఆ కాయలు నువ్వు ఏరుకొస్తే నేను కాస్తా."

"అన్నీ నేనే ఏరుకురావాల్నా?" అంది అత్త.

"మరి నేను ఏరాల్నా, ఈ నడుముతో?"

"నీ నడుముకేం, నిక్షేపంగా ఉండాది!"

మళ్ళీ మొదలైంది. మేం ఎవరమూ ఆపలేదు.